సముద్రం పక్కన చేప ఎందుకు ప్రియం?

ఈ ఏడు విహారయాత్ర ఎక్కడికి అనే విషయం మీద మన నోటీసు బోర్డు దగ్గర జరిగినంత చర్చ పరీక్షల తేదీల మీద కూడా జరగలేదు. ఊటీ అన్నారు, అరకు అన్నారు, హంపీ అన్నారు. చివరికి ఒక వర్గం వారు "అంతంత దూరాలు దేనికి, నిజాంపట్నం పోదాం, కడుపునిండా చేపలూ రొయ్యలూ తిని సాయంత్రానికి ఇళ్ళకి చేరవచ్చు" అని తేల్చారట. సంచికకు ఏదైనా రాయమని సంఘం కార్యదర్శి వచ్చి నిలబడినప్పుడు నాకు తోచిన విషయం ఇదే. వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. అయితే దీని మీద నాకొక అభిప్రాయం ఉంది. అది కాస్త కారంగానే ఉంటుంది. పులుసు గురించిన వ్యాసం గనుక కారాన్ని పాఠకులు క్షమిస్తారనుకుంటాను.

నాకు మాట్లాడే అర్హత ఏమిటంటారా, మాది రేపల్లె తాలూకా. (1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. అయినా నోటికి తాలూకా అనే వస్తుంది, ఏం చేస్తాం!) చదివింది ఈ కాలేజీలోనే, ఇప్పుడు ఎకనామిక్స్ చెబుతున్నదీ ఇక్కడే. 1916లో వేసిన తెనాలి - రేపల్లె బ్రాంచి లైను మీద వేమూరు, భట్టిప్రోలు, పల్లికోన స్టేషన్లను నిద్రలో కూడా వరసగా చెప్పగలను. ఆ బండిలో చేపల గంపతో ఎక్కే ఆడమనిషిని చూసి ముక్కు మూసుకునే పెద్దమనుషులు నాకు తెలుసు. అదే పెద్దమనిషి ఆదివారం పొద్దున తెనాలి మార్కెట్లో అదే గంప ముందు గొంతుక్కూర్చుని అరగంట బేరమాడటమూ తెలుసు.

నిజాంపట్నం రేపల్లెకి సుమారు 20 కిలోమీటర్లు. సినిమాల్లోని సముద్రాన్ని తలుచుకుంటూ వెళ్ళినవాళ్ళకి అక్కడ మొదట ఎదురయ్యేది నిరాశ. బస్సు దిగితే అలలుండవు, ఇసుక తిన్నెలుండవు. కనపడేది పాయ. గట్ల వెంట మడచెట్లు, బురద, బురదలో పీతల బొరియలు. పాయలో ఒకదాని పక్కన ఒకటి బోట్లు. హార్బరు ఉన్నది ఆ పాయలోనే. అసలు సముద్రం ఇంకా అవతల. "బీచ్ ఏది సార్?" అని మన కుర్రాళ్ళు అడిగితే అక్కడివాళ్ళు నవ్వుతారు. బీచ్ కావలసినవాళ్ళు బాపట్ల దిగి సూర్యలంక పోవాలి, తొమ్మిది కిలోమీటర్లుంటుందేమో. నిజాంపట్నం చూసేందుకు వెలిసిన ఊరు కాదు, పని చేసుకుని బతికే ఊరు.

"ప్రశాంతమైన పల్లె" అని మనం ముద్దుగా అనుకునేది మధ్యాహ్నం పూట వెళ్ళి చూసి. మధ్యాహ్నం ప్రశాంతంగా ఉండదా మరి, మగవాళ్ళు సముద్రం మీదయినా ఉంటారు, రాత్రంతా వేట చేసి వచ్చి నిద్రలోనయినా ఉంటారు. తెల్లవారుజామున వెళ్ళి చూడండి. ఐసు మర గరగరలు, డీజిలు వాసన, వేలం కేకలు, కాకులు. తెనాలి మార్కెట్ దాని ముందు గుడి లాగా ఉంటుంది.

చరిత్ర లెక్చరర్లు కోప్పడకపోతే ఒక మాట. మనవాళ్ళకి మచిలీపట్నం తెలుసు, నిజాంపట్నం తెలియదు. పరదేశి వర్తకులకి మాత్రం ఇది పెటపోలిగా బాగా తెలుసు. డచ్చివారు 1606లో ఇక్కడ వర్తకస్థానం పెట్టారు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వారి గ్లోబ్ అనే ఓడ 1611 ఆగస్టులో ముందు ఇక్కడికి వచ్చి, ఇక్కడ మనుషుల్ని దింపి, ఆ తరువాతనే మచిలీపట్నం పోయింది. వాళ్ళు వచ్చింది చేపలకి కాదు, బట్టకీ ఎర్రరంగుకీ. ఈ చుట్టుపక్కల దొరికే చిరివేరుతో అద్దిన ఎరుపుకి అప్పట్లో మంచి పేరు. 1759లో సలాబత్ జంగ్ మచిలీపట్నంతోబాటు దీన్ని కూడా ఇంగ్లీషువారికి రాసిచ్చాడు. ఇదంతా పాండిత్యం కోసం చెప్పడం లేదు. నాలుగు వందల ఏళ్ళ కిందట కూడా ఈ ఊళ్ళో తయారైన మేలు సరుకు ఈ ఊళ్ళో ఆగలేదు, ఓడ ఎక్కి పోయింది. ఇవాళ చేప కథా అంతే.

ఇక తిండి దగ్గరికి వద్దాం, మీరంతా దాని కోసమే చదువుతున్నారు గదా. ఈ తీరాన దొరికే చేపల పేర్లు చెబితేనే నోరూరుతుంది. చందువా, వంజరం, పండుగప్ప, మాగ, కొయ్యంగ, కానాగంత, కవళ్ళు, నెత్తళ్ళు. మడ బురదలో దొరికే మండపీత. మాగ ముక్కలు చింతపండు పులుసులో పడి ఒక రాత్రి మాగితే మరునాడు పొద్దున దాని రుచే వేరు. నెత్తళ్ళు వేపితే ముల్లుతో సహా నమిలెయ్యొచ్చు. గోంగూరలో ఎండురొయ్యలు వేసే సంగతి గుంటూరు జిల్లావాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. బాలింతకి పాలు పడాలని సొరపిట్టు చేసి పెట్టడం మా వైపు ఇప్పటికీ ఉంది.

కాని మీరు వెళ్ళి అడగండి, చందువా దొరుకుతుందేమో. కిందటి చలికాలం నేనూ అడిగాను. హార్బరు పక్కన గంప పెట్టుకున్న ఒక పెద్దావిడ నన్ను కిందికీ పైకీ చూసి, "చందువాలా? అయ్యి మా కంట్లో పడితే గదా నాయనా! బోటు దిగంగానే పెట్టెలో పడి పోతయ్. మేం తినేది కవళ్ళూ నెత్తళ్ళే" అన్నది. మరి వంజరం? "వంజరం మీ బెజవాడలోనే దొరుకుద్ది" అన్నది. ఆమె వేళాకోళం ఆడలేదు, ఉన్న మాట చెప్పింది.

ఎందుకిలా? క్లాసులో గిరాకీ, సరఫరా అని బోర్డు మీద రెండు గీతలు గీసి చూపిస్తాం. సముద్రం పక్కన సరఫరా ఎక్కువ గనుక ధర తక్కువ ఉండాలి. నిజాంపట్నం గట్టు మీద ఆ గీతలు సరిగ్గా కలవవు. బోటు కట్టాలన్నా, ఇంజను మార్చాలన్నా, వలలు కొనాలన్నా, ఒక్కసారి వేటకి పోవటానికి డీజిలు, ఐసు, బియ్యం వేసుకోవాలన్నా చేతిలో రొక్కం కావాలి. బ్యాంకు ఇవ్వదు. సముద్రంలో మునిగిపోగల వస్తువు మీద బ్యాంకుకి నమ్మకం ఉండదు. ఇచ్చేది వ్యాపారి. వడ్డీ కూడా అడగడు, మహానుభావుడు! "నీ సరుకు నాకే వెయ్యి" అంటాడు, అంతే. ఆ ఒక్క మాటలోనే వడ్డీ, అసలు, చక్రవడ్డీ అన్నీ ఉన్నాయి. బోటు గట్టుకి చేరకముందే ఏ చేప ఎవరిదో తేలిపోయి ఉంటుంది. వేలం కేకలు మనకి వినపడతాయి నిజమే. అప్పు లేని వాడి సరుకుకే అది వేలం, అప్పున్న వాడి సరుకుకి చెప్పిందే రేటు. పోనీ ఇంకొకడికి అమ్ముకుందామా అంటే పాత బాకీ ఒక్క రోజులో కట్టాలి.

వ్యాపారిని దొంగ అని తిట్టి ఊరుకుంటే సరిపోదు. తుఫానుకి బోటు పోతే మరునాడు అన్నం గిన్నెకి డబ్బిచ్చేవాడూ అతనే. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను ముంచింది, మన రేపల్లె వైపు ఊళ్ళనీ కొట్టింది. 1990 మేలో మళ్ళీ వచ్చింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను సరిగ్గా బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఇలాంటి చోట అప్పిచ్చేవాణ్ణి తీసేస్తే, అతని స్థానంలో ఎవరిని నిలబెడతారో ముందు చెప్పాలి. సహకార సంఘాలు కాగితాల మీద ఉన్నాయి. కాగితాల మీద చాలా ఉంటాయి.

ఇంకో తమాషా వినండి. మనకి సెలవులు ఎండాకాలంలో. విహారయాత్ర అనగానే మే నెల అంటారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరమంతటా మర బోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఇంజను లేని నాటు తెప్పలకి మాత్రం మినహాయింపు. అంటే మే నెలలో సముద్రం ఒడ్డున కూర్చుని "ఫ్రెష్‌గా ఉంది రా" అంటూ మీరు తినేది చాలావరకు చెరువులో పెరిగిన రొయ్య, లేదా ఐసులో పడుకున్న పాత చేప. ఒకసారి తీరాన ఒక విశ్రాంతిగృహంలో (ఏ ఊరో చెప్పను) మా బృందానికి "సముద్రపు రొయ్యలు" అని వడ్డించారు. అన్నీ అచ్చు పోసినట్టు ఒకే సైజు. సముద్రం ఎప్పుడయినా ఒకే సైజు రొయ్యల్ని ఇస్తుందా? బిల్లు మాత్రం సముద్రం లెక్కన వేశారు.

ఆ నిషేధం రెండు నెలలూ మత్స్యకారుడి ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? ప్రభుత్వం భృతి ఇస్తున్నది. 2019 నుంచి కుటుంబానికి 10,000 రూపాయలు, 2025లో దాన్ని 20,000 చేశారు. మంచిదే. కాని ఆ డబ్బు బోటు మీద వేటకి పోయే మగవాడి లెక్కన వస్తుంది. గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా అమ్మే ఆడమనిషికి, ఇసుకలో చేపలు ఎండబెట్టే ముసలమ్మకి ఆ రెండు నెలలూ సరుకే ఉండదు, ఆమె పేరు మీద భృతీ ఉండదు. ఎండుచేపలు ఇసుకలో కాక సిమెంటు గచ్చు మీద ఆరబెడితే రేటు కాస్త ఎక్కువ పలుకుతుంది. ఆ గచ్చు ఎంత ఖర్చు? మన ఆడిటోరియం రంగుల ఖర్చంత ఉండదనుకుంటాను. హార్బరులో చేపలు దించే చోట ఆడవాళ్ళకి నీళ్ళు, మరుగుదొడ్డి, కూర్చోవడానికి నీడ కావాలి. 2020లో ప్రభుత్వం శంకుస్థాపన చేసిన నాలుగు ఫిషింగ్ హార్బర్లలో నిజాంపట్నం ఒకటి. కాంక్రీటు సంగతి ఇంజనీర్లు చూసుకుంటారు. నీడ సంగతి ఎవరో ఒకరు గుర్తు చెయ్యాలి.

మడ అడవి గురించి చెప్పకపోతే జువాలజీ వారు నన్ను వదలరు. రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది, పిల్లలు పోటుతోపాటు పాయల్లోకి వచ్చి మడ వేళ్ళ మధ్య దాక్కుని పెరిగి, ఎదిగాక తిరిగి సముద్రానికి పోతాయి. అంటే మడ అడవి రొయ్యలకి పురిటిల్లు. దానికి ఉప్పునీళ్ళూ కావాలి, కృష్ణమ్మ తీపినీళ్ళూ కావాలి. 1957లో ప్రకాశం బ్యారేజీ, ఆపైన నాగార్జునసాగర్, ఇంకా పైన మరెన్నో. ఏటికేడాది సముద్రానికి చేరే కృష్ణ నీళ్ళు తగ్గుతూ వచ్చాయి. వరి పండాలంటే తప్పదు, నేనూ ఆ వరి తిన్నవాణ్ణే. కాని సముద్రంలో కలిసే నీళ్ళని "వృథా" అంటారే, ఆ మాట నిజాంపట్నంలో అని చూడండి.

పైగా చెరువులు. 1980ల చివర నుంచి టైగరు రొయ్య పిచ్చి పట్టింది. తెల్లారేసరికి లక్షాధికారులన్నారు. 1994-95లో తెల్లమచ్చ తెగులు వచ్చి ఆ లక్షలు ఎట్లా వచ్చాయో అట్లాగే పోయాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల చెరువుల మీద గట్టి తీర్పే ఇచ్చింది. 2005లో చట్టం తెచ్చి అథారిటీ పెట్టారు. 2009లో అమెరికా ఖండపు వనామీ రొయ్యకి అనుమతి వచ్చింది, మళ్ళీ పిచ్చి. వనామీ పెంచిన రైతు అదృష్టం ఎక్కడుందో తెలుసా? కేజీకి ఎన్ని తూగుతాయనే "కౌంటు"లో, ఆపైన వాషింగ్టనులో. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచితే, ఆ దెబ్బ రేపల్లె వైపు చెరువు గట్ల మీద కూడా వినపడింది. మనం పెంచుతాం, వాడు తింటాడు, వాడు తిననంటే మనం ఏడుస్తాం. పెంచిన చోట పిల్లవాడికి వారానికి ఒక రోజన్నా రొయ్య పెట్టని వ్యాపారానికి ఎగుమతి బంగారం అని పేరు పెట్టుకున్నాం.

ఆ చెరువుల మీద పని చేసేవాళ్ళు మనవాళ్ళు కూడా కాదు. 2021 జూలైలో లంకెవానిదిబ్బలో, రొయ్యల చెరువుల దగ్గర షెడ్డులో పడుకున్న ఒడిశా కూలీలు ఆరుగురు కరెంటు షాక్‌తో చనిపోయారు. మన కాలేజీకి గంటన్నర ప్రయాణం. ఆ వారం మన దగ్గర ఎవరైనా దాని గురించి మాట్లాడారా అంటే, నాకు గుర్తు లేదు.

అభివృద్ధి అనే మాట ఒకటుంది. 2008లో వాన్‌పిక్ అన్నారు. వాడరేవు, నిజాంపట్నం ఓడరేవులు, వాటి మధ్య పరిశ్రమల కారిడారు. వేల ఎకరాల లెక్కలు, మ్యాపులు, ఆపైన కేసులు. ఓడరేవు రాలేదు. ఇప్పుడు పర్యాటకం అంటున్నారు. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా అయ్యాక మరీ ఎక్కువయింది ఈ మాట. సూర్యలంకకి జనం వస్తున్నారు, కార్తీక మాసంలో ఇసుక వేస్తే రాలనంత జనం. వచ్చినవాళ్ళలో మన వయసు కుర్రాళ్ళు మునిగిపోయిన వార్త ఏడాదికొకటయినా పేపర్లో చదువుతూనే ఉన్నాం. మిగిలినవాళ్ళు వదిలిపెట్టిపోయిన సీసాలు మరునాడు అలివి వల లాగేవాళ్ళ కాళ్ళల్లో గుచ్చుకుంటాయి. నేను పర్యాటకానికి విరోధిని కాను. "నిజాంపట్నాన్ని కూడా సూర్యలంక లాగా చెయ్యాలి" అనే కోరికకి మాత్రం విరోధిని. దానికి రిసార్టు కంటే ఐసు ముఖ్యం. చేపని రెండు రోజులు నిలవ పెట్టుకోగల పల్లెకారుడు వ్యాపారితో "రేటు చెప్పు" అనగలడు. అప్పుడు ఒక చందువా ఊళ్ళో మిగిలినా మిగలొచ్చు.

"ఇదంతా మాకెందుకు సార్, మేం ఒక్క పూట తిని వచ్చేవాళ్ళం" అంటారు. అందుకే పెద్ద కోరికలు కోరటం లేదు. విహారయాత్రని మే నుంచి డిసెంబరుకి మార్చండి. అమ్మాయిల్ని కూడా తీసుకెళ్ళండి. "సముద్రం దగ్గరికి ఆడపిల్లలెందుకు" అనే మాట నేను చదివిన రోజుల్లోనూ విన్నాను, ఇప్పుడూ వింటున్నాను. అక్కడ చేపల వ్యాపారం సగం ఆడవాళ్ళ చేతిలోనే ఉంది, వాళ్ళతో మాట్లాడవలసింది ముందుగా వీళ్ళే. భోజనం ఏసీ హోటల్లో కాకుండా ఊళ్ళో వండి పెట్టేవాళ్ళ దగ్గర చెయ్యండి. పోయేటప్పుడు తీసుకెళ్ళిన సీసాలు, కవర్లు వచ్చేటప్పుడు కూడా మీతోనే ఉండాలి.

ఇంకొకటి ఎకనామిక్స్, జువాలజీ విద్యార్థులకి ప్రత్యేకంగా. ఒక్క సంవత్సరం పాటు, వారానికొక రోజు, నాలుగు చేపల ధర రాయండి: గట్టు మీద బోటువాడికి వచ్చింది ఎంత, రేపల్లెలో ఎంత, తెనాలిలో ఎంత. మధ్యలో ఎవరెవరి చేతులు మారింది, ఐసుకెంత, బండికెంత, కమీషను ఎంత. కవళ్ళు, మాగ, చందువా, మండపీత చాలు. ఎండురొయ్యలు కలుపుకుంటే మరీ మంచిది. ఒక నోటు పుస్తకం, ఇద్దరు మనుషులు, బస్సు చార్జీ. ఆ లెక్కని వచ్చే ఏటి సంచికలో అచ్చు వేయించండి, ఒక కాపీ ఆ ఊరి గ్రంథాలయానికీ, మరొకటి మత్స్యశాఖ వారికీ పంపండి. బోటువాడికి తన చేప తెనాలిలో ఎంతకి పోతోందో తెలియకపోవడమే వ్యాపారి బలంలో సగం. ఫోన్లు వచ్చాయిగా అంటారు. వచ్చాయి, ఫోనులో రేటు చెప్పేదీ ఆ వ్యాపారే.

వంట సంగతి నేను కనుక్కుని వచ్చాను. కవళ్ళూ నెత్తళ్ళే తింటామన్న ఆ పెద్దావిడనే అడిగాను, మా పిల్లలు నలభై మంది వస్తే వండి పెడతావా అమ్మా అని. "పెట్టక? రెండ్రోజుల ముందు చెప్పాల. బియ్యానికీ నూనెకీ ముందు డబ్బులియ్యాల. ఏ చేపని మాత్రం అడగొద్దు, ఆ పూట ఏం పడితే అదే" అన్నది.